పైపు ఎక్కడ పగిలిందో జీనోమ్ చెబుతుందా?

విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ పాఠం. పాల్గొన్నవారు: ఒక మైక్రోబయాలజిస్టు, ఒక ఎపిడెమియాలజిస్టు, ఒక జీనోమ్ డేటా నిపుణుడు.

యాంకర్: నమస్కారం. వానలు మొదలైతే చాలు, ఇక్కడి కొండ ప్రాంతాల్లోనూ, గుంటూరు పాత ఊళ్లోనూ వాంతులు, విరేచనాల కేసుల గురించి వింటుంటాం. తాగునీటి పైపు ఎక్కడో పగిలి కలరా వచ్చిందేమోనని శాంపిళ్లు జీనోమ్ సీక్వెన్సింగ్‌కు, అంటే క్రిమి డీఎన్ఏ అక్షరాలన్నీ చదవడానికి, పంపామంటారు. ఆ తర్వాత కబురుండదు. అసలు దాంతో జనానికి ఒరిగేదేమిటి మేడమ్?

మైక్రోబయాలజిస్టు: ఒరగాలంటే ముందు శాంపిల్ బతికుండాలండీ. రోగి రాగానే సెలైన్ పెడతారు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేస్తారు, మర్నాడు తీరిగ్గా మలం నమూనా తీస్తారు. అప్పటికి కలరా సూక్ష్మజీవి పెరిగే స్థితిలో ఉండకపోవచ్చు. సెలైన్ ఆపక్కర్లేదు. యాంటీబయాటిక్ మొదటి మాత్రకు ముందు స్వాబ్, అంటే దూది పుల్లతో నమూనా, తీస్తే చాలు. దాన్ని దారిలో క్రిమిని బతికించి ఉంచే క్యారీ-బ్లెయిర్ మీడియంలో అడుగుదాకా గుచ్చి, పుల్ల పైభాగం విరిచేసి, మూత బిగించాలి.

యాంకర్: వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలా?

మైక్రోబయాలజిస్టు: అదే కోవిడ్ తెచ్చిన అలవాటు! వైరస్‌కు చల్లదనం కావాలి. కలరా క్రిమికి చలి పడదు. క్యారీ-బ్లెయిర్‌లో ఉన్న స్వాబ్‌ను గది వేడిమిలోనే పంపాలి. అలాగని మే నెల ఎండలో జీపు డాష్‌బోర్డు మీద పడేయమని కాదు. విరేచనాలు తెచ్చే మరో క్రిమి షిగెల్లా అనుమానం కూడా ఉంటే దానికి చల్లదనమే మేలు కాబట్టి రెండు స్వాబ్‌లు తీసి, ఒకటి చల్లగా, ఒకటి మామూలుగా పంపడం తెలివైన పని.

లాబ్‌కు చేరాక ఆల్కలైన్ పెప్టోన్ వాటర్ అనే పోషక ద్రవంలో ఆరు నుంచి ఎనిమిది గంటలు పెంచుతాం. ఈ క్రిమికి గాలి కావాలి, పైకి తేలుతుంది. అందుకే లూప్‌ను, అంటే కొన వంచిన తీగను, అడుగుకు ముంచకుండా పై పొర నుంచి తీసి, కలరా క్రిమిని వేరుచేసే టీసీబీఎస్ ప్లేటు మీద గీస్తాం. మర్నాటికి పసుపు కాలనీలు వస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడే తొందరపడతారు, ఆ పసుపు కాలనీ మీదే క్రిమిని గుర్తుపట్టే ఆక్సిడేజ్ పరీక్ష చేసేస్తారు. టీసీబీఎస్ మీద అది తప్పు చూపిస్తుంది. న్యూట్రియెంట్ అగర్ అనే మామూలు ప్లేటు మీదకు మార్చి, ఒకే రకం కాలనీలని తేలాక అక్కడి నుంచే ఆక్సిడేజ్, కలరా రకాన్ని తేల్చే ఓ1 సీరం పరీక్ష, డీఎన్ఏ తీయడం అన్నీ చేయాలి.

యాంకర్: ఇక మెషిన్ దగ్గరకు వద్దాం. ఒకప్పుడు మన శాంపిళ్లు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి వెళ్లేవి కదా సార్?

డేటా నిపుణుడు: 2022లో ఇక్కడి సిద్ధార్థ మెడికల్ కాలేజీలోనే సీక్వెన్సింగ్ లాబ్ వచ్చిందండీ. కాబట్టి దూరం పెద్ద అడ్డంకి కాదు. మెషిన్లు ప్రధానంగా రెండు రకాలు. ఇల్లుమినా చిన్న ముక్కలను చాలా కచ్చితంగా చదువుతుంది, కానీ బ్యాచ్ నిండితే గాని గిట్టుబాటు కాదు. నానోపోర్ వాళ్ల మినయాన్ అరచేతిలో పట్టేంత ఉంటుంది, నాలుగు శాంపిళ్లున్నా నడపొచ్చు.

కలరా జీనోమ్ దాదాపు 40 లక్షల అక్షరాలు, రెండు క్రోమోజోముల్లో. ఒక్కో అక్షరాన్ని 50 సార్లు చదవాలనుకుంటే శాంపిల్‌కు 20 కోట్లు, 24 శాంపిళ్లకు 480 కోట్ల అక్షరాలు. మెషిన్‌లో పెట్టే ఫ్లో సెల్, అంటే డీఎన్ఏను చదివే సన్నని రంధ్రాలున్న భాగం, మంచిదైతే దానికి అది భారం కాదు. చెడేది కొలతల దగ్గర. ఒక్కో శాంపిల్‌కు ఒక గుర్తు తగిలించి అన్నీ కలిపి నడిపే రాపిడ్ బార్‌కోడింగ్‌లో శాంపిల్‌కు 200 నానోగ్రాముల డీఎన్ఏ వేయాలి. దాన్ని నానోడ్రాప్ అనే పరికరంతో కొలిస్తే ఆర్ఎన్ఏను కూడా కలిపి లెక్కేస్తుంది. 200 ఉందనుకున్నది 40 కావచ్చు. అప్పుడు ఒక శాంపిల్ సగం రన్ తినేస్తుంది, పక్కది ఖాళీ. డీఎన్ఏను మాత్రమే లెక్కించే క్యూబిట్ పరికరంతోనే కొలవాలి.

యాంకర్: ఫ్లో సెల్ ఖరీదు ఎక్కువని విన్నాం. పాడైతే?

డేటా నిపుణుడు: ఎక్కువగా పాడయ్యేది గాలి బుడగతోనే. ఫ్లో సెల్‌ను ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. కొత్తది రాగానే చెక్ చేసి, పనిచేసే రంధ్రాలు 800 కన్నా తక్కువుంటే వారంటీలో మార్పించుకోవాలి. ఇక లోడింగ్. పీ1000 పిపెట్‌ను 200 మైక్రోలీటర్లకు పెట్టి, కొనను ప్రైమింగ్ పోర్టులో, అంటే బఫర్ ద్రవం పోసే ద్వారంలో, నిలువుగా ఆనించి, బొటనవేలితో నొక్కకుండా చక్రాన్ని మెల్లగా 220, 230 దాకా తిప్పాలి. కొనలోకి పసుపు ద్రవం కాస్త ఎక్కుతుంది, దాంతోపాటు పోర్టు కింది గాలీ వచ్చేస్తుంది. ఇది చేయకుండా బఫర్ తోస్తే ఆ బుడగ రంధ్రాల మీదుగా పోతుంది. పోయిన రంధ్రం తిరిగి రాదు.

ఇంకోటి, ప్రతి రన్‌లో శాంపిల్ లేని ఖాళీ ట్యూబు ఒకటి నడపాలి. అందులో కలరా కనిపిస్తే మొత్తం రన్‌ను అనుమానించాల్సిందే.

యాంకర్: ఇంత చేశాక, పైపు ఎక్కడ పగిలిందో తెలుస్తుందా?

ఎపిడెమియాలజిస్టు: తెలియదు. మొహమాటం లేకుండా చెప్పాలి. స్వాబ్ నుంచి జీనోమ్ దాకా అంతా సజావుగా సాగినా నాలుగైదు రోజులు పడుతుంది. అన్నాళ్లు ఆగి పైపు మూస్తామా? వీధి కుళాయిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గిందా, కేసులు ఏ వాల్వు కింద గుంపుగా ఉన్నాయి అన్నది ఆ సాయంత్రానికే మ్యాపు మీద తేలాలి. సరఫరా ఆపాలి, ట్యాంకర్ రావాలి.

పైగా కలరా ఒకే వంశం నుంచి వేగంగా వ్యాపిస్తుంది. రెండు వీధుల క్రిముల మధ్య ఒక్క అక్షరం కూడా తేడా లేకపోవచ్చు. అంతమాత్రాన ఇద్దరూ ఒకే కుళాయి నీళ్లు తాగారని కాదు. తేడా బాగా ఎక్కువుంటే మాత్రం 'ఇది ఆ వ్యాప్తి కాదు' అని ధైర్యంగా చెప్పొచ్చు. రెండు నెలల తర్వాత మంగళగిరిలో కేసులొచ్చాయనుకోండి. ఇక్కడిదే వెళ్లిందా, కొత్తది దిగిందా అన్నప్పుడు జీనోమ్ అక్కరకొస్తుంది.

డేటా నిపుణుడు: 2010లో హైతీలో కలరా వచ్చినప్పుడు జరిగిందదే. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలోని నేపాల్ సైనికుల శిబిరం దగ్గరి నది వైపు క్షేత్ర పరిశీలకులు ముందే వేలు చూపారు. తర్వాత హైతీ క్రిముల జీనోమ్‌లను నేపాల్ క్రిములతో పోలిస్తే ఒకటి రెండు అక్షరాలే తేడా. క్రిమిని మందులకు లొంగకుండా చేసే జన్యువులు కూడా అదే డేటాలో కనిపిస్తాయి.

మైక్రోబయాలజిస్టు: కనిపిస్తాయి సరే, మందు బిళ్లల చుట్టూ క్రిమి పెరుగుతుందో లేదో చూసే డిస్క్ పరీక్ష మానకూడదు. జన్యువు ఉన్నా పనిచేయకపోవచ్చు.

యాంకర్: 2021 మేలో కోవిడ్ 'ఏపీ స్ట్రెయిన్' అని దేశమంతా గగ్గోలు పెట్టింది. మనవాళ్లను ఢిల్లీలో క్వారంటైన్ కూడా చేశారు.

ఎపిడెమియాలజిస్టు: ఎన్440కే అనే జన్యు మార్పు ఉన్న కోవిడ్ వైరస్ అది. అప్పటికే తగ్గుముఖం పట్టింది, దాని చోటు వేరే రకాలు ఆక్రమిస్తున్నాయని సీసీఎంబీ చెప్పింది. ఎక్కడ ఎక్కువ వెతికితే అక్కడ ఎక్కువ దొరుకుతుంది, ఆ ఊరి పేరు దానికి అంటుకుంటుంది. ఆ నెలాఖరుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరస్ రకాలకు గ్రీకు అక్షరాల పేర్లు తెచ్చింది, ఊళ్ల పేర్ల గొడవ లేకుండా. పెద్దాసుపత్రి ఐసీయూ శాంపిళ్లే చదివి 'ఇది తీవ్రమైన రకం' అనడం కూడా ఇదే పొరపాటు.

యాంకర్: టీబీలో కూడా వాడొచ్చా?

ఎపిడెమియాలజిస్టు: అక్కడ ఇంకా బాగా. క్రిమి నెమ్మదిగా మారుతుంది. ఇద్దరి మధ్య ఐదు అక్షరాల లోపు తేడా ఉంటే దగ్గరి సంక్రమణ అనుమానిస్తాం, 12 దాటితే సంబంధం లేదనుకుంటాం. కల్చర్‌కు, అంటే లాబ్‌లో క్రిమిని పెంచడానికి, వారాలు పట్టడమే ఇబ్బంది.

యాంకర్: మరి విరేచనాల వ్యాప్తిలో ఎన్ని శాంపిళ్లు చదివించాలి?

డేటా నిపుణుడు: దొరికినన్నీ.

ఎపిడెమియాలజిస్టు: అక్కర్లేదండీ. మొదటి ఐదు, ఆపై కొత్త వార్డులో కేసు తేలినప్పుడల్లా ఒకటి, చివర్లో రెండు. మిగతా డబ్బు కాగితాల మీద పెట్టండి. ప్రభుత్వ వ్యాధి నిఘా పోర్టల్ ఐహెచ్ఐపీలో ఏఎన్ఎం ఎస్ ఫారం నింపుతారు, డాక్టరు పీ ఫారం, లాబ్ ఎల్ ఫారం. మూడింటినీ కలిపే గుర్తింపు సంఖ్య ట్యూబు మీద ఉండదు. చిరునామా దగ్గర 'విజయవాడ' అని ఒక్క ముక్క. విరేచనాలు మొదలైన తేదీ ఉండాల్సిన చోట శాంపిల్ తీసిన తేదీ. అలాంటివి 40 జీనోములున్నా ఏ వీధి నుంచి ఏ వీధికి పాకిందో గీయలేం.

మైక్రోబయాలజిస్టు: నంబరు మూత మీద రాస్తారు, అదీ ఒక సమస్యే. తీసిన మూతలు తారుమారవుతాయి, స్పిరిట్ తగిలితే సిరా పోతుంది. ట్యూబు ఒంటి మీద రాసి, పైన పారదర్శక టేపు వేయాలి.

డేటా నిపుణుడు: సరే, తొమ్మిది పది జీనోములే చదువుదాం. కానీ మిగతా కల్చర్లు పారేయకండి. గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80లో పెట్టండి. మంగళగిరి ప్రశ్న వచ్చేది రెండు నెలల తర్వాత కదా.

మైక్రోబయాలజిస్టు: పెడతాం. ఆ ఫ్రీజర్‌కు జనరేటర్ లైను మాత్రం వేరేగా వేయించండి.