తెర్మే వైపు నుంచి చూస్తే

అందరికీ నమస్కారం. ఇప్పుడే మనం కలిసి చూసిన ఇరాన్ సినిమా ‘ఎ సెపరేషన్’ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అస్గర్ ఫర్హాదీ 2011లో తీసిన ఈ సినిమాకి బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చాయి. అవార్డుల సంగతి అక్కడితో వదిలేద్దాం. భార్యాభర్తల విడాకుల కథలా మొదలైనా, నా మటుకు నాకు ఇది వాళ్ళ పదకొండేళ్ళ కూతురు తెర్మే కథ.

కూతురి భవిష్యత్తు కోసం దేశం దాటుదామంటుంది సిమిన్. అల్జీమర్స్‌తో ఉన్న తండ్రిని వదిలి రానంటాడు నాదెర్. నువ్వు కొడుకువని కూడా ఆయనకి తెలియదు కదా అంటే, ఆయన నా తండ్రని నాకు తెలుసు అంటాడు. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్ళు ఇక్కడ ఉన్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు! ఆ ఒక్క మాటతో నేను నాదెర్ పక్షానికి వెళ్ళిపోయాను.

పెట్రోల్ బంకు సీను గుర్తుందా? పెట్రోలు తెర్మేనే కొట్టింది. అయినా బంకువాడు చిల్లర టిప్పుగా ఉంచేసుకుంటాడు. వెళ్ళి అడిగి తెచ్చుకో అని పంపుతాడు నాదెర్. ఆ పిల్ల భయపడుతూనే వెళ్ళి, వాదించి తెస్తుంది. ఆ డబ్బులు నువ్వే ఉంచుకో అంటాడు. నీకు న్యాయంగా రావాల్సింది వదులుకోకు అని నేర్పించే తండ్రి! అందుకే తర్వాత జరిగేది అంత బాధగా ఉంటుంది. గొడవలో నాదెర్ గుమ్మంలోంచి నెట్టేశాక పనామె రజియేకి గర్భం పోతుంది, కేసు కోర్టుకెళ్తుంది. ఆమె గర్భవతి అని తనకు తెలియదని అతను జడ్జి ముందు చెప్తాడు. తెలుసని పసిగట్టేది కూతురే. నిలదీస్తే ఒప్పుకుంటాడు, జైలుకి పోతే నీ గతేంటి అంటాడు. చివరికి జడ్జి అడిగినప్పుడు తండ్రిని కాపాడడానికి ఆ పిల్లే అబద్ధం చెప్తుంది. చెప్పమని అతను బలవంతపెట్టలేదు. కానీ ఆ బరువంతా దాని నెత్తిన పెట్టింది మాత్రం అతనే.

ఇంకో పిల్లా ఉంది, రజియే కూతురు. ముసలాయన బట్టల్లోనే మూత్రం పోసుకుంటే, పరాయి మగవాడి బట్టలు మార్చడం పాపమవుతుందా అని రజియే మతపెద్దలకి ఫోన్ చేసి అడుగుతుంది. పక్కనున్న ఆ చిన్నది, నాన్నకి చెప్పనులే అంటుంది. పెద్దవాళ్ళ రహస్యాలు మోయడం దానికి అప్పుడే వచ్చేసింది.

నాకు అందరికంటే గౌరవం కలిగింది రజియే మీద. నడివీధిలోకి వెళ్ళిపోయిన ముసలాయన కోసం పరుగెత్తినప్పుడు ఆమెని కారు గుద్దిన సంగతిని దర్శకుడు కట్ చేసి మన నుంచి దాచాడు, ఆమె ఇంట్లోవాళ్ళ నుంచి దాచింది. ఎదురుగా భర్తకి అప్పులిచ్చినవాళ్ళు కూర్చున్నారు, రాజీ కోసం నాదెర్ ఇచ్చే డబ్బు బల్ల మీదకి రాబోతోంది. గర్భం పోయింది తను నెట్టడం వల్లేనని ఖురాన్ మీద ప్రమాణం చెయ్యమని నాదెర్ అడిగితే మాత్రం చెయ్యలేకపోయింది.

అసలు ఆ ప్రమాణం అడిగే హక్కు నాదెర్‌కి ఉందా? లేదంటాను నేను. కోర్టులో తను ఆడిన అబద్ధాన్ని అలాగే ఉంచుకుని, ఎదుటి మనిషి దైవభక్తిని పరీక్షకి పెట్టాడు. కాదనేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారని తెలుసు. మైకు వాళ్ళకిస్తున్నాను.