పాత శిక్షణ గ్లైడర్‌కు కొత్త బట్ట: ఇస్త్రీ పెట్టె దగ్గర తీసుకోవలసిన జాగ్రత్త

నమస్కారం. ఫ్లయింగ్ క్లబ్ షెడ్డులో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఒక ఏఎస్‌కే 13 గ్లైడర్‌ను మళ్లీ ఎగిరే స్థితికి తెస్తున్నాము. నా వెనుక స్టాండు మీద కనిపిస్తున్నది అదే. రుడాల్ఫ్ కైజర్ రూపొందించిన ఈ రెండు సీట్ల శిక్షణ గ్లైడర్ 1966లో తొలిసారి ఎగిరింది. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 16 మీటర్లు ఉంటాయి. రెక్కలు చెక్కతోను, ఫ్యూజలాజ్, అంటే మధ్య శరీర భాగం, వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాలతోను తయారయ్యాయి. రెండింటిలోనూ చాలా భాగాన్ని కప్పి ఉంచేది బట్టే.

ముందుగా పాత బట్టను విప్పాలి. ఇదిగో, అంచు వెంట ఇలా కోసుకుంటూ వెళ్లడమే. అయితే దాన్ని ముక్కలుగా చింపి పారేయకండి. నీరు కారిపోయే రంధ్రాలు ఎక్కడున్నాయో, తనిఖీ మూతలు ఎక్కడున్నాయో ఆ పాత బట్టే చెబుతుంది కనుక, కొత్త బట్ట వేసేదాకా దాన్ని గోడకు తగిలించి ఉంచుకోవడం నా అలవాటు.

బట్ట తీశాక లోపలి నిర్మాణాన్ని చూడాలి. కాక్‌పిట్ నేల కింద, చక్రం దగ్గర, తోక అడుగున ఉన్న గొట్టాల మీద మట్టి, తేమ చేరి తుప్పు పడుతుంది. ప్లైవుడ్‌ను ఇలా తట్టి వినండి. ఇక్కడ ఖంగున మోగుతోంది, ఇక్కడ డొల్లగా వినిపిస్తోంది. అంటే పొర ఊడిందన్నమాట. చాలామంది నాణెంతో తడతారు, నాకు మాత్రం స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితోనే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మరమ్మతులన్నీ పూర్తయి, లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్ లోపలంతా చూసి సంతకం పెట్టేదాకా కొత్త బట్ట జోలికి వెళ్లకూడదు.

కొత్త పాలియెస్టర్ బట్టను అంచుల వెంట జిగురుతో అతికించడం తెర మీద చూస్తున్నారు, ఇందులో పెద్దగా చెప్పవలసింది లేదు. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

పాలియెస్టర్ బట్ట వేడికి ముడుచుకుని బిగుసుకుంటుంది. మొదటి విడతలో సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి, బట్ట తయారీదారు పుస్తకంలో చెప్పిన మెట్ల ప్రకారం పెంచుకుంటూ వెళ్లాలి. సాధారణంగా చివరి మెట్టు 175 డిగ్రీల దగ్గర ఉంటుంది. బాగా మించిపోతే బిగువు పెరగదు సరికదా, బట్ట వదులవుతుంది. తోక దగ్గర అటూ ఇటూ తిరిగే నిలువు పలక రడ్డర్. అలాంటి సన్నని చెక్క నిర్మాణాన్ని ఆ బిగువే వంచేయగలదు కనుక, పుస్తకం అనుమతిస్తే అక్కడ ఇంకా ముందే ఆగడం మంచిది.

ఇస్త్రీ పెట్టె డయల్ మీది అంకెను నమ్మకూడదని నాకు తెలుసు. అందుకే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను పెట్టె అడుగుకు గురిపెట్టి కొలిచాను. చాలా తక్కువ వేడి చూపించింది, నేను డయల్ పెంచాను. మళ్లీ కొలిచాను, మళ్లీ తక్కువే చూపించింది, మళ్లీ పెంచాను. అరగంట తరువాత రడ్డర్ వెనుక అంచు రిబ్‌కూ రిబ్‌కూ మధ్య, అంటే లోపలి అడ్డ చెక్కల మధ్య, లోపలికి వంగి, తోరణంలా అలలు తిరిగింది. తప్పు థర్మామీటర్‌ది కాదు. తళతళలాడే లోహం పరారుణ కిరణాలను చాలా తక్కువగా వెలువరిస్తుంది, అందువల్ల ఆ పరికరం అసలు వేడి కన్నా తక్కువ చూపుతుంది. ఆ బట్టంతా విప్పి, వెనుక అంచు చెక్కను మార్చవలసి వచ్చింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. పెట్టెను తిరగేసి, అడుగున వేడిని బాగా అందించే హీట్ సింక్ పేస్టు కొద్దిగా రాసి, తాకి వేడిని కొలిచే తీగ అయిన థర్మోకపుల్ మొనను అందులో ఆనించి కొలుస్తాను. వేడి కాసేపు పైకీ కిందకీ ఊగుతుంది, అది నిలకడపడేదాకా ఆగండి. తరువాత డయల్ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. కొలవడం అయ్యాక పేస్టును పూర్తిగా తుడిచేయాలి, లేకపోతే బట్టకు అంటుకుంటుంది.

ఒక వైపంతా పూర్తిగా బిగించి రెండో వైపుకు పోవద్దు. ఒక మెట్టు ఇటు, అదే మెట్టు అటు. అతికించిన అంచుల మీద పెట్టెను ఆపి ఉంచకండి, జిగురు మెత్తబడుతుంది. ప్రతి మెట్టు తరువాత వెనుక అంచు వెంట ఇలా దారం లాగి పట్టుకుని చూడండి. దారానికీ చెక్కకూ మధ్య సందు కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

ఆఖరుగా, డోప్, అంటే బట్ట మీద వేసే రక్షణ పూత, వేయడానికి ముందే రడ్డర్‌ను తూచి రాసి పెట్టుకోండి, రంగు పూర్తయ్యాక మళ్లీ తూచండి. కీలు వెనుక బరువు పెరిగితే గాలిలో ఫ్లట్టర్, అంటే రడ్డర్ అదుపు తప్పి అదిరే ముప్పు, పెరుగుతుంది, అందుకే మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితికి మించి ఒక్క పూత కూడా వేయకూడదు. ఈ రడ్డర్ తొలి తూకాన్ని ఇదిగో, కీలు పక్కన అతికించిన ఈ చీటీ మీదే రాసి ఉంచాను.