పక్కనున్న ఫోన్‌కి లేని జబ్బు సీపీయూకి ఎందుకొచ్చింది?

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

నిన్న ఇదే కుర్చీలో కూర్చుని మాస్టారు గంటసేపు పద్యాలు వినిపించారు. నాకు పద్యాలు రావు. కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. లైబ్రేరియన్ గారు పిలిచి, "మా మూల కంప్యూటర్‌లో నెట్ నత్తలా పాకుతోందయ్యా, పిల్లలు ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టుకోలేక విసుక్కుంటున్నారు. నువ్వు దాని గురించే మాట్లాడు, పనిలో పనిగా దాన్నీ చూసినట్టుంటుంది" అన్నారు. ప్రసంగం పేరుతో ఉచితంగా రిపేరు చేయించుకుంటున్నారని అర్థమైంది. అయినా వచ్చాను.

షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే మాట చెబుతారు. "ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోందండీ, పక్కనే ఉన్న కంప్యూటర్‌లో రావట్లేదు." ఆ మాటలోనే సగం జవాబు ఉంది. ఒకే గదిలో, ఒకే వైఫై మీద ఫోన్ బాగా నడుస్తోందంటే వీధిలోంచి ఇంట్లోకి వచ్చే లైను బాగానే ఉన్నట్టు. కానీ మనం ముందు ఏం చేస్తాం? నెట్ కంపెనీకి ఫోన్ చేసి తిడతాం. వాళ్ళ కుర్రాడు వచ్చి, ఇంట్లో వైఫై పంచే డబ్బా ఉంటుంది కదా, ఆ రౌటర్ ఆపి, మళ్ళీ వేసి, "ఇప్పుడు చూడండి సార్" అని వెళ్ళిపోతాడు. సాయంత్రానికి మళ్ళీ మామూలే.

ఇక్కడ ఒక చిన్న మెలిక. ఫోన్‌తో పోల్చేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి చూడండి. వైఫై బలహీనంగా ఉంటే కొన్ని ఫోన్లు చప్పుడు చేయకుండా సిమ్ మీదకి మారిపోతాయి. మీరేమో వైఫై బాగుందనుకుంటారు.

నా సంగతి చెబితే నవ్వుతారు. వృత్తి ఇదే అయ్యుండి మా ఇంట్లో నాలుగు రోజులు బోల్తాపడ్డాను. అమ్మాయి చదువు కోసం కొత్త కంప్యూటర్ నేనే బిగించాను. మదర్‌బోర్డులోనే, అంటే లోపలి ప్రధాన పలకలోనే, వైఫై ఉన్న రకం. ఫోన్‌లో నెట్ వేగం 80 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 80 మెగాబిట్లు, వస్తుంటే ఇందులో 5, 6 దాటదు. వైఫైని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాములు తీసి మళ్ళీ వేశాను. విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించాను. కంపెనీవాళ్ళతో ఫోన్‌లో గొడవపడ్డాను. చివరికి రెండు వేలు పోసి కొత్త రౌటర్ కొన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు, ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుని క్లాసు వినేసింది. నాలుగో రోజు పండగ శుభ్రానికి మా ఆవిడ అటక సర్దుతూ మదర్‌బోర్డు అట్టపెట్టె కిందకి దింపింది. అందులోంచి రెండు నల్లటి పుల్లలు తీసి, "ఇవేమిటి, అగరొత్తుల స్టాండా?" అని అడిగింది.

అవి యాంటెన్నాలు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

వైఫై ఉన్న డెస్క్‌టాప్ వెనకాల బంగారు రంగు మరలు రెండు బయటికి పొడుచుకుని ఉంటాయి. యాంటెన్నాలు వాటికి బిగించాలి. చాలామంది బిగించరు, ఎందుకంటే బిగించకపోయినా వైఫై పూర్తిగా చచ్చిపోదు. రౌటర్ దగ్గర్లో ఉంటే ఆ మరలే కాస్త సిగ్నల్ పట్టుకుంటాయి. పేర్లు కనిపిస్తాయి, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, కనెక్టెడ్ అని చూపిస్తుంది. అసలు పట్టుకోకపోతే మొదటి రోజే కారణం వెతికేవాళ్ళం. ఇలా అరకొరగా పట్టుకుంటేనే మోసపోతాం. ఈ హాల్లో ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళగానే ముందు సీపీయూ వెనక్కి వంగి చూడండి. సీపీయూ అంటే ఆ డబ్బా కాదని, లోపల ఉండే చిప్ అని తెలుసు. కానీ నలభై ఏళ్ళుగా అందరం డబ్బానే అలా పిలుస్తున్నాం, ఇప్పుడు మార్చలేను.

యాంటెన్నాలు ఉన్నా సరిపోదు. ఫోన్‌ని చేత్తో పట్టుకుని తిరుగుతాం, ల్యాప్‌టాప్‌ని మంచం మీదకి తెచ్చుకుంటాం. డెస్క్‌టాప్ మాత్రం కదలదు. బల్ల కింద, గోడకి ఆనించి పెడతాం. యాంటెన్నా ఉండేది వెనక వైపు. అంటే దానికి ఒకవైపు గోడ, ఇంకోవైపు ఇనప డబ్బా. రౌటర్ హాల్లో ఉంటే ఆ సిగ్నల్ బీరువా దాటి, సిమెంటు గోడ దాటి, ఈ డబ్బా చుట్టూ తిరిగి వెనక్కి చేరాలి. డబ్బాని ఒక అడుగు ముందుకి లాగి, కాస్త పక్కకి తిప్పి చూడండి. తీగతో వచ్చే యాంటెన్నా అయితే దాన్ని బల్ల మీద పెట్టండి.

ఇంక వైఫై లేని కంప్యూటర్‌కి వైఫై కోసం గుచ్చే, గోరంత ఉండే యూఎస్‌బీ డాంగిల్. పెట్టె మీద 150 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది. అది గాలిలో అన్నీ అనుకూలిస్తే వచ్చే లెక్క. చేతికి అందులో సగం వస్తే గొప్ప. అది కూడా సీపీయూ వెనక గుచ్చితే ఆ సగం కూడా రాదు. కొద్ది రూపాయలకి దొరికే యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని, డాంగిల్‌ని బల్ల మీదకి తీసుకురండి. నేను చేసే రిపేర్లలో ఇంత చవకైనది ఇంకొకటి లేదు. అందుకే కొందరు నమ్మరు కూడా.

ఒక ఫొటో స్టూడియో ఆయన విచిత్రమైన ఫిర్యాదుతో వచ్చాడు. "పెళ్ళి ఫొటోలు హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తుంటే నెట్ పోతుంది. ఎక్కడం అయిపోగానే వస్తుంది." ముందు నవ్వాను. వెళ్ళి చూస్తే నిజమే. నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో హార్డ్ డిస్క్, దాని పక్క పోర్టులోనే వైఫై డాంగిల్. ఆ నీలం పోర్టు యూఎస్‌బీ 3 రకం. అది పనిచేసేటప్పుడు, వైఫై కూడా వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తుంది. దీని మీద ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. హార్డ్ డిస్క్ వెనక పోర్టుకి మార్చి, డాంగిల్‌ని తీగతో దూరంగా పెట్టాం. ఆయన కాపీ మొదలుపెట్టి, యూట్యూబ్ తెరిచి, రెండూ నడుస్తుంటే తెర వైపు అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. వైర్‌లెస్ మౌస్ ఉన్నట్టుండి తడబడినా ఇదే కారణం కావచ్చు.

2.4 అన్నాను కదా. వైఫై నడిచే దారులు మన ఇళ్ళల్లో ప్రధానంగా రెండు. 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఇంకోటి. మన దేశంలో 2.4 ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో అనుమతించారు. 5 లో ఎక్కువ భాగాన్ని అలా వదిలింది 2018లో. 2.4 గోడలు దాటి దూరం పోతుంది, కానీ రద్దీ ఎక్కువ. బ్లూటూత్ అందులోనే, మైక్రోవేవ్ ఓవెన్ అందులోనే, అపార్ట్‌మెంట్లో పై వాటా, కింద వాటా, ఎదురు వాటా అందరూ అందులోనే. 5 లో వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే నీరసపడుతుంది.

ఆ రద్దీ ఎలా ఉంటుందో చెబుతాను. బంతి భోజనాలు తెలుసు కదా. వడ్డించేవాడు ఒక్కడే ఉన్నాడనుకోండి. విస్తరి ముందు ఒకాయన "కొంచెం పప్పు... కొంచెం ఆగు... ఇప్పుడు వెయ్యి" అంటుంటే మిగతా బంతంతా చేతులు కడుక్కుని కూర్చోవాల్సిందే. వైఫై కూడా మామూలుగా ఒక చానల్ మీద, అంటే ఆ దారిలోని ఒక వరస మీద, ఒక్కసారి ఒక్కరితోనే మాట్లాడుతుంది. మూలగదిలో సిగ్నల్ అందని పాత ఫోన్ ఒకటి మెల్లగా సినిమా దించుకుంటుంటే, దానికి వడ్డించడానికే సమయం అయిపోతుంది. పక్కింటి వైఫై మీ చానల్ మీదే ఉంటే వాళ్ళ బంతి కూడా మీ బంతిలో కలిసిపోయినట్టే. 2.4 లో ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 చానళ్ళు మాత్రమే. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ మూడింట్లో ఖాళీగా ఉన్నదానికి మార్చుకోండి. మధ్యలో 3 ఖాళీగా ఉందని అక్కడ దూరితే ఇటు 1 వాళ్ళతోనూ అటు 6 వాళ్ళతోనూ తగువే. అన్నిటికంటే మంచిది డెస్క్‌టాప్‌ని 5 మీదకి తేవడం. రెంటికీ ఒకే పేరు ఉంటే కంప్యూటర్ ఒక్కోసారి 2.4 నే పట్టుకుని వేలాడుతుంది. రౌటర్‌లో రెంటికీ వేరే పేర్లు పెట్టి, 5 పేరు మీదే కలపండి.

ఇప్పుడున్నది ఏ దారో తెలుసుకోవడానికి కంప్యూటర్‌లో విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో ప్రాపర్టీస్. కిందకి జరిపితే బ్యాండ్ (2.4 దారా, 5 దారా అన్నది), చానల్, లింక్ స్పీడ్ (కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య వేగం) కనిపిస్తాయి. లింక్ స్పీడ్ సరిగ్గా 54 దగ్గర ఆగిపోయి ఉంటే, రౌటర్‌లో పాతకాలపు సెక్యూరిటీ పద్ధతి పెట్టి ఉందేమో చూడండి. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని ఉండే పద్ధతికి మారిస్తే పెరుగుతుంది.

లోపం ఇంట్లోనా, బయటా అని తేల్చేది పింగ్. అంటే రౌటర్‌ని పలకరించి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడడం. స్టార్ట్ నొక్కి సీఎండీ (cmd) అని కొడితే నల్ల తెర వస్తుంది. భయపడకండి, నేను చెప్పే రెండు మాటలు కొడితే ఏదీ పాడవదు. ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే పక్కన ఒక అంకె ఉంటుంది, చాలా ఇళ్ళల్లో 192.168.1.1. అదే మీ రౌటర్. పింగ్ అని కొట్టి ఆ అంకె రాసి, చివర అడ్డగీత, టి పెట్టండి (ping 192.168.1.1 -t లాగా). వరసగా మిల్లీసెకన్లు పడుతుంటాయి. రెండు, మూడు, నాలుగు అని పడుతుంటే కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య దారి శుభ్రంగా ఉన్నట్టు. మూడు, రెండొందల నలభై, ఏడు, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని పడుతుంటే జబ్బు ఇంట్లోనే ఉంది. నేను చూసిన ఇళ్ళల్లో ఎక్కువసార్లు ఇంట్లోనే. శుభ్రంగా ఉండి కూడా నెట్ నెమ్మదిగా ఉంటే అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి. నెలకింత డేటా దాటితే వేగం తగ్గించే ప్లానేమో అడగండి.

కంప్యూటర్ లోపలి విషయాలు రెండు ముక్కల్లో. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్‌కి వెళ్తే, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేయొచ్చు అన్న టిక్కు ఉంటుంది, తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ వరస చూస్తే విండోస్ అప్‌డేటో, ఫొటోలు పైకి పంపే ప్రోగ్రామో మొత్తం లాగేస్తూ దొరికిపోతుంది.

లెక్కలో ఒక పొరపాటు మాత్రం అందరూ చేస్తారు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైల్ సెకనుకి 12 ఎంబీ చొప్పున దిగితే పూర్తి వేగం వస్తున్నట్టే. ప్లాన్ చెప్పేది బిట్లలో, తెర చూపేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. దీని మీద నాతో పోట్లాడి వెళ్ళినవాళ్ళు ఉన్నారు.

ఇక నా సొంత అభిప్రాయం. స్పీడ్ బూస్టర్ అని దొరికే ప్రోగ్రాముల జోలికి వెళ్ళకండి. చవక రిపీటర్ కూడా నాకు నచ్చదు. అదే దారిలో విని, అదే దారిలో మళ్ళీ చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడుతుంది. కదలని డెస్క్‌టాప్‌కి గాలిలోంచి నెట్ ఎందుకండీ? రౌటర్ నుంచి ఒక లాన్ తీగ లాగండి. క్యాట్ 5ఈ రకం తీగ చాలు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. గోడ పాడవుతుందని ఇంట్లో గొడవ అవుతుంది, తెలుసు. మా ఇంట్లోనూ అయింది. గుమ్మం పైనుంచి తెల్ల కేసింగ్‌లో లాగాను, సున్నం వేసేశాక కనిపించట్లేదు.

ఇదిగో ఈ సంచిలో ఎక్స్‌టెన్షన్ తీగ, డాంగిల్ తెచ్చాను. లైబ్రేరియన్ గారూ, ఆ మూల కంప్యూటర్ ఆన్ చేయించండి. తమ్ముడూ, నువ్వూ ఇంకొకరూ కలిసి ఆ పేపర్ల బీరువా కాస్త ఇటు జరపండి, వెనక ఏముందో చూద్దాం.