బసకు వచ్చినవాడు, ఇంట్లో ఉండేవాడు

శ్రోతలందరికీ నమస్కారం.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ల ఇంటికి చుట్టాలు రాని నెల ఉండదు. కొండకు వచ్చేవాళ్లు కొందరు, స్విమ్స్‌లోనో రుయాలోనో చూపించుకోవడానికి వచ్చేవాళ్లు కొందరు, యూనివర్సిటీలో పిల్లల్ని చేర్చడానికి వచ్చేవాళ్లు కొందరు. తెల్లవారుజామున రైలు దిగి ఫోన్ చేస్తారు. "స్టేషన్ కాడ ఉండామ్మా, ఆటో ఆయనకు అడ్రస్ చెప్పు" అంటారు. మాది కొర్లగుంట. ఆ ఫోన్ రాగానే నా చేతులు వాటంతటవే పనిలో పడతాయి. ముందుగది ఊడుస్తాను. కుర్చీల మీది బట్టలన్నీ ఎత్తుకెళ్లి లోపలి గదిలో మంచం మీద పడేసి, ఆ తలుపు దగ్గరగా వేస్తాను. వేణ్ణీళ్లు పెడతాను. వచ్చినవాళ్లు రెండు రోజులుండి సంతోషంగా వెళ్తారు. నేనూ మనస్ఫూర్తిగానే సాగనంపుతాను. కానీ వాళ్లు చూసింది మా ముందుగది మాత్రమే.

చాలా ఏళ్లు నేను యేసు ప్రభువును కూడా ఇలాగే చూసుకున్నాను. ఆదివారం పొద్దున ఆయనకు ముందుగది. పాటలు, వాక్యం, కానుక, అన్నీ భక్తితోనే. మధ్యాహ్నం మందిరం నుంచి ఇంటికి రాగానే లోపలి గది తలుపు యథాప్రకారం దగ్గరగా వేసి ఉండేది.

మన తెలుగు బైబిల్లో రెండు మాటలున్నాయి. ఒకటి బస, రెండోది నివాసం. లూకా సువార్త 24వ అధ్యాయంలో, యేసు తిరిగి లేచిన రోజున, ఇద్దరు శిష్యులు యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే పల్లెకు నడిచిపోతుంటారు. సుమారు 11 కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి రేణిగుంట దాకా అనుకోండి. యేసే వచ్చి వాళ్లతో కలిసి నడుస్తాడు. వాళ్లు గుర్తుపట్టరు. వాళ్లలో క్లెయొపా అనేవాడు ఆయన్ను అడుగుతాడు, "యెరూషలేములో బసచేయుచుండి" ఇక్కడ జరిగిన సంగతులు నీకొక్కడికే తెలియవా అని. గ్రీకు మూలంలో అక్కడున్న మాట పరాయి ఊళ్లో కొన్నాళ్లు తలదాచుకునేవాడికి వాడే మాట. అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 17వ వచనంలో ఇంకో మాట ఎంచుకున్నాడు. "క్రీస్తు మీ హృదయములలో విశ్వాసముద్వారా నివసించునట్లుగాను" అని ప్రార్థించాడు. ఈ రెండు గ్రీకు మాటల్లోనూ ఇల్లు అనే అర్థమిచ్చే ఓయికోస్ ఉంది. మొదటిది ఇంటి పక్కన ఉండడం. రెండోది ఇంట్లో స్థిరపడడం.

ఇక్కడ నన్ను చాలాకాలం తొలిచిన ప్రశ్న ఒకటుంది. పౌలు ఈ మాట రాసింది ఎవరికి? యేసును ఎరగని వాళ్లకు కాదు. ఎఫెసు పట్టణంలో ఆయన మూడేళ్లు ఉండి, కన్నీళ్లతో బుద్ధి చెప్పిన విశ్వాసులకు. వాళ్లు ఎప్పుడో నమ్మారు, బాప్తిస్మం తీసుకున్నారు. మరి, ఇప్పటికే వచ్చిన క్రీస్తు నివసించాలని మళ్లీ ప్రార్థన ఎందుకు? అదీ చెరలో కూర్చుని, మోకాళ్ల మీద?

దీనికి జవాబు నాకు మా వంటింట్లో దొరికింది.

మా అత్తగారిది దామలచెరువు దగ్గర పల్లె. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. మొదటి పది పన్నెండు రోజులు చుట్టంలాగే ఉన్నారు. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, పిలిస్తే వచ్చి తినేవారు. ఆ తర్వాత ఒకరోజు సంగటి తనే కెలికారు. ఇంకోరోజు పోపులపెట్టెలో ఆవాలు, జీలకర్ర తన అలవాటు ప్రకారం మార్చేశారు. నాకు లోలోపల కష్టంగానే ఉండింది. నా వంటిల్లు నా చేతి కింద నుంచి జారిపోతున్నట్టు అనిపించింది.

ఒక సాయంత్రం నేను పనినుంచి వచ్చేసరికి ఆమె బియ్యం డ్రమ్ము ముందు కూర్చుని ఉన్నారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. పిండి దుమ్ము అంటిన ఆ కవర్లో, నా నాలుగు గాజులు కుదవపెట్టిన చీటీ. పిల్లాడి కాలేజీ ఫీజుకు పెట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చెయ్యి పెట్టరనే ధైర్యంతో బియ్యం అడుగున దాచాను. రెండు రోజులుండిపోయే చుట్టం బియ్యం డ్రమ్ములో అడుగు దాకా చెయ్యి పెడతాడా? ఇంట్లో ఉండే మనిషి పెడుతుంది.

నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె నన్ను పక్కన కూర్చోమని, "నెలకు ఎంత వడ్డీ కడతా ఉండావు మ్మే?" అని అడిగారు. చెప్పాను. "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోస్తివా" అన్నారు. అంతే. నేను ఆ వంటింటి నేల మీద చాలాసేపు ఏడ్చాను.

ఆ రాత్రి ఎఫెసీయుల పత్రిక తెరిస్తే, ఇంతకుముందు కళ్లు దాటిపోయిన మాట కనబడింది. క్రీస్తు నివసించాలని అడగడానికి ముందు, 16వ వచనంలో, పౌలు ఇంకొకటి అడుగుతున్నాడు. మీరు అంతరంగంలో ఆత్మవలన బలపడాలి అని. ఒకరిని బసకు రానివ్వడానికి బలం అక్కర్లేదు, మర్యాద చాలు. ఇంట్లో ఉండనివ్వడానికి మాత్రం గుండె దిటవు కావాలి. ఎందుకంటే ఆయన చెయ్యి డ్రమ్ము అడుగుకు వెళ్తుంది. నేను భయపడింది ఆయన చెయ్యికి. ఆ చెయ్యి ఎటువంటిదో నాకు తెలియక.

జక్కయ్యకు తెలిసింది. యెరికోలో మేడిచెట్టు మీద ఉన్న ఆ సుంకపు గుత్తదారుతో యేసు అన్న మాట, "నేడు నేను నీ యింట నుండవలసియున్నది". ఆ ఇంట్లో మొదట బయటికి వచ్చినవి లెక్కలు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. యేసు జక్కయ్యను లెక్కలు అడిగినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

లవొదికయ అనే ఊరి సంఘం సంగతి వేరు. "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను" అని యేసు అన్న మాట బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో ఆ విశ్వాసులకే రాసింది. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి ఊరు కూలితే, రోము సహాయం లేకుండా తమ డబ్బుతోనే తిరిగి కట్టుకున్న ఊరది. నాకేమీ కొదువ లేదు అనుకునే ఇంట్లో తలుపు చప్పుడు వినబడదు.

మళ్లీ ఎమ్మాయు దగ్గరికి వద్దాం. ఊరు దగ్గరపడింది. యేసు ఇంకా ముందుకు వెళ్లేటట్టు కనబడ్డాడు. పిలవని ఇంట్లోకి ఆయన చొరబడడు. వాళ్లు, "సాయంకాలము కావచ్చినది, ప్రొద్దు గ్రుంకినది, మాతోకూడ ఉండుము" అని బలవంతం చేశారు. లోపలికి వెళ్లాడు. భోజనానికి కూర్చున్నప్పుడు జరిగింది చూడండి. రొట్టె పట్టుకుని, స్తోత్రం చేసి, విరిచి వాళ్లకు పంచిపెట్టాడు. యూదుల ఇళ్లలో అది ఇంటి యజమాని చేసే పని. బసకు వచ్చినవాడు ఇంటివాడి చోట కూర్చున్నాడు. అప్పుడే వాళ్ల కళ్లు తెరవబడ్డాయి. దారి పొడవునా వాక్యం చెప్పినప్పుడు వాళ్ల హృదయం మండింది, నిజమే. కానీ గుర్తుపట్టింది మాత్రం ఇంట్లో, అన్నం దగ్గర.

ఈ మాటలు వింటున్నవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ ఉంటారు. ఎవరికీ చెప్పుకోలేని చీటీ ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కాబట్టి మీరూ నాతో ఇంతదూరం నడిచి ఉంటారని నమ్ముతున్నాను. నాతోటి విశ్వాసులను మాత్రం ఒకటి అడుగుతాను. ఈ రాత్రి ప్రార్థనలో, ప్రభువా అన్నీ నీకు తెలుసు అని మొత్తంగా అనేసి లేవకండి. అది నేను ఏళ్ల తరబడి చేసిన పని. ఆ ఒక్కదాన్ని పేరు పెట్టి చెప్పండి. తమ్ముడితో మాటలు ఆగిపోయిన సంగతి అయితే తమ్ముడి పేరు చెప్పండి. అప్పు అయితే అంకె చెప్పండి. ఫోన్‌లో ఎవరికీ చూపించలేనిది ఉంటే, ఫలానాది అని చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు ఆ చీటీ గూట్లో, బైబిలు పక్కన అందరికీ కనబడేలా ఉంటుంది. గాజులు ఇంకా విడిపించలేదు. సాయంత్రం ప్రార్థనలో ఆ నెల కట్టాల్సిన వడ్డీ ఎంతో మా అత్తగారు ప్రభువుకు పైకే చెబుతారు, పైసలతో సహా. తర్వాత "మాతో కూడ ఉండు సామీ" అంటారు. ఆమె లేచి అన్నం వడ్డిస్తారు.