సున్నం లెక్క

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, మన్నించండి.

నడక వల్ల లాభాల మీద మాట్లాడమన్నారు. అవి మీకు తెలుసు, తెలిసే తెల్లారి ఐదింటికి లేస్తున్నారు. మా తమ్ముడూ లేచేవాడు. యాభై రెండేళ్లు. హెల్త్ చెకప్‌లో ఈసీజీ నార్మల్, ట్రెడ్‌మిల్ టెస్ట్ నార్మల్. ఆ ఫైలు బీరువాలో పెట్టి నాలుగు నెలలు తిరక్కుండానే ఒక రాత్రి ఛాతీలో మంటన్నాడు. గ్యాస్ అనుకుని నిమ్మసోడా తాగాడు. ఆస్పత్రి గుమ్మం దాకా కూడా రాలేదు.

మళ్లీ చెబుతున్నా, ట్రెడ్‌మిల్ నార్మల్. ఆ పరీక్ష అబద్ధం చెప్పలేదండీ. గుండె రక్తనాళం ఇంచుమించు 70 శాతం పూడితే గానీ అందులో సాధారణంగా తేడా కనిపించదు. అంతకన్నా చిన్న పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టినా అటాకే. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. అదీ నా బాధ.

ఆ తర్వాతే కాల్షియం స్కాన్ సంగతి తెలిసింది. బోరు నీళ్లకు బిందె అడుగున సున్నం కట్టినట్టు, కొవ్వు పేరుకున్న నాళాల గోడల్లో కాల్షియం చేరుతుంది. సీటీ మిషన్‌లో పడుకోబెట్టి కాసేపు ఊపిరి బిగబట్టమంటారు. ఇంజెక్షన్ ఉండదు. కొంచెమైనా రేడియేషన్ తగులుతుంది కాబట్టి సరదాకి తీయించుకునేదీ కాదు. 1990లో అమెరికాలో అగాట్‌స్టన్ అనే డాక్టరు, తోటివారితో కలిసి దీనికి లెక్క కట్టారు. సున్నా వస్తే మంచిది. 100 దాటితే మందుల ఆలోచన గట్టిగా చేస్తారు. 400 దాటితే సున్నం బాగా పేరుకున్నట్టే. నాకు 212 వచ్చింది. "ఎన్ని మార్కులకి?" అని అడిగింది మా ఆవిడ. లెక్కల మాస్టారి భార్య కదా!

అన్నట్టు, మీలో ఎవరికైనా మెట్లెక్కితే గుండె పట్టేస్తోందా? ఇక్కడ చెయ్యెత్తకపోయినా ఫర్వాలేదు, ఇంట్లో చెప్పండి. మీకు ఈ స్కాన్ కాదు, నేరుగా డాక్టరు దగ్గరికే. స్టెంటు వేయించుకున్నవాళ్లకీ ఇది అక్కర్లేదు. ఏ బాధా లేకుండా, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ల వేసుకోవాలా వద్దా అన్నది తేలనివాళ్ల కోసం ఇది.

మొన్న తమ్ముడి కొడుకు వచ్చాడు. ముప్పై ఒకటి. "పెదనాన్నా, నాకూ తీయించు" అన్నాడు. డాక్టరు వద్దన్నారు. ఈ వయసులో కొవ్వు ఉన్నా ఇంకా మెత్తగానే ఉండొచ్చు, సున్నా వచ్చిందని ధీమాగా ఉండటానికి లేదన్నారు. కొలెస్ట్రాల్, షుగర్, బీపీ చూసి, సిగరెట్ మానమన్నారు. వీడు మాత్రం "సున్నా వస్తే అమ్మ నిద్రపోతుంది కదా" అంటాడు. నిద్రపోతుంది, నిజమే. ఆ కాగితాన్నీ అదే బీరువాలో పెట్టుకుని.