కెమ్‌డాగ్: 13 గింజల కథలో ఎంత నిజం, ఎంత పుకారు?

[తెర మీద: అమెరికా మ్యాప్. ఇండియానా రాష్ట్రంలో నోబుల్స్‌విల్ దగ్గర ఎర్ర చుక్క. కింద "జూన్ 1991"]

కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో లైసెన్సు ఉన్న గంజాయి దుకాణానికి వెళ్తే డబ్బాల మీద ఓజీ కుష్, సవర్ డీజిల్, జీజీ4 అనే పేర్లు కనిపిస్తాయి. ఆ దేశంలో బాగా అమ్ముడుపోయే రకాల్లో ఇవి కొన్ని. వీటి పుట్టుపూర్వోత్తరాలు అడిగితే పెంపకందారుల్లో చాలామంది చివరికి ఒకే పేరు దగ్గర ఆగుతారు. అదే కెమ్‌డాగ్. ఇది ఏ ల్యాబ్‌లోనూ తయారవలేదు. ఒక కచేరీ బయట, కార్లు ఆపే స్థలంలో చేతులు మారిన సరుకుతో దీని కథ మొదలైందంటారు.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అమ్మినా, కొన్నా, దగ్గర పెట్టుకున్నా నేరమే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు కూడా చెప్తున్నా. మీ రాష్ట్రంలో దుకాణం ఉన్నంత మాత్రాన ధీమాగా ఉండకండి. వీసా, గ్రీన్‌కార్డు వ్యవహారాలు నడిచేది రాష్ట్ర చట్టం కింద కాదు, ఫెడరల్ చట్టం, అంటే అమెరికా కేంద్ర చట్టం కింద. ఈ వీడియో వాడమనీ పెంచమనీ చెప్పడానికి కాదు, ఒక వింత చరిత్ర చెప్పడానికి.

[తెర మీద: పాత కార్ల వరసలు, రంగురంగుల టీషర్టులు. యానిమేషన్ చాలు, అసలు ఫోటోలు వద్దు]

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే కాలిఫోర్నియా రాక్ బృందం ఊరూరా తిరిగి కచేరీలు చేసేది. డెడ్‌హెడ్స్ అని పిలిచే వాళ్ల అభిమానులు బృందం వెనకే దేశమంతా తిరిగేవాళ్లు. కచేరీ ఉన్న రోజున బయట కార్ల మధ్యలో ఒక చిన్న సంతే వెలిసేది. టీషర్టులు, తిండి, పూసల దండలు. వాటి చాటున గంజాయి.

1991 జూన్ 6, 7 తేదీల్లో ఆ బృందం నోబుల్స్‌విల్‌లోని డీర్ క్రీక్ మైదానంలో పాడింది. ఇది రికార్డుల్లో ఉన్న విషయం. ఇక్కడి నుంచి చెప్పేదంతా అక్కడున్న మనుషులు ఏళ్ల తర్వాత చెప్పిన మాట.

మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఒక కుర్రాడికి అక్కడ ఇద్దరు తగిలారు. వాళ్ల దగ్గరున్న సరుకు పేరు డాగ్ బడ్. ధర ఔన్సుకు 500 డాలర్లు. అంటే 28 గ్రాములకు. అప్పట్లో అది గుండె ఆగే రేటు. అయినా కొన్నాడు, నచ్చింది, ఫోన్ నంబర్లు మార్చుకున్నారు. ఇంటికి వెళ్లాక మరికొంత తెప్పించుకున్నాడు. అలా వచ్చిన ఒక పొట్లంలో 13 గింజలు దొరికాయి. ఘాటైన రసాయనాల వాసన వల్ల 'కెమ్', పాత పేరులోంచి 'డాగ్' కలిపి మొక్కకు కెమ్‌డాగ్ అని పేరు పడింది. తర్వాత ఆ కుర్రాడిని కూడా జనం అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

మొదట నాలుగు గింజలు నాటాడు. ఒకటి మగ మొక్క, దాన్ని పీకేశాడు. మిగతా మూడూ ఆడవి. వాటిలో ఒకటి ఈరోజు కెమ్ 91, ఇంకొకటి కెమ్ సిస్టర్, మూడోది కెమ్ బి. 2001లో మరికొన్ని గింజలు నాటితే కెమ్ డి నిలబడింది. 2006లో పాత స్నేహితులు మళ్లీ కలిసినప్పుడు మిగిలిన గింజల్లోంచి కెమ్ 4 వచ్చింది.

ఆ మగ మొక్కను పీకేయడం దగ్గర కాసేపు ఆగుదాం.

[తెర మీద: మగ, ఆడ పువ్వుల బొమ్మలు పక్కపక్కన]

గంజాయిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. అమ్ముడుపోయేది ఆడ మొక్క పువ్వు. పక్కన మగది ఉంటే పుప్పొడి పడి పువ్వు నిండా గింజలు పడతాయి, ధర పడిపోతుంది. అందుకే మగది కనిపించగానే పీకేస్తారు. పెంచేవాడి లెక్కలో అది సరైన పనే. కానీ దాంతో ఈ వంశాన్ని గింజల ద్వారా నికరంగా నిలబెట్టే దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది కొమ్మ కత్తిరించి వేళ్లు పుట్టించడం, అంటే క్లోన్. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే వస్తుందని నమ్మకం లేదు కాబట్టి అంటు కడతాం కదా, ఇక్కడా సంగతి అంతే. ముప్పై ఏళ్లుగా చేతులు మారుతున్న కెమ్ 91 నిజంగా అసలుదే అయితే, అది 1991 నాటి ఆ ఒక్క మొక్కే.

'అసలుదే అయితే' అన్నాను. గొడవంతా ఆ మాట దగ్గరే ఉంది. కొమ్మ మీద పేరు రాసి ఉండదు. పదిమంది చేతులు మారాక పదకొండోవాడు "ఇదే అసలు కెమ్ 91" అంటే నమ్మడమో మానడమో తప్ప చేసేదేం లేదు.

ఇంకో చిక్కు గింజల తల్లిదండ్రులది. డాగ్ బడ్ ఎక్కడ పుట్టింది? కొలరాడో కొండల్లో అని కొందరు, పసిఫిక్ తీరంలో అని కొందరు. తండ్రి ఎవరు? గింజలు పడ్డాయంటే ఎక్కడో పుప్పొడి పడిందని అర్థం. అది వేరే మగ మొక్కదా, ఒత్తిడికి ఆ ఆడ మొక్కే పూసిన మగ పువ్వుదా? ఈ జాతిలో రెండోది కూడా మామూలే. ఇంటర్నెట్‌లో దొరికే వంశవృక్షాల్లో చాలావరకు ఈ ఖాళీని నేపాలీ అనో, థాయ్ అనో, అఫ్ఘాన్ అనో పూరించేస్తాయి. నా మటుకు నేను వాటిని పట్టించుకోను. వాసన చూసి తండ్రి పేరు చెప్పడమేంటండీ!

కచేరీ కథను మాత్రం చాలావరకు నమ్ముతాను. కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ తర్వాత బయటికొచ్చి దాదాపు ఒకటే చెప్పారు. పైగా కథ అల్లేవాడైతే హిందూకుష్ కొండల్లో ఒక ముసలి సాధువును పెడతాడు గానీ, పొట్లంలో మిగిలిన గింజలని చెప్పడు.

[తెర మీద: ఫ్లోరిడా నుంచి లాస్ ఏంజెలెస్ దాకా గీత]

ఆ కొండల పేరు మోసే ఓజీ కుష్ సంగతి ఇంకా గజిబిజి. 90ల మొదట్లో ఫ్లోరిడాలో ఉన్న ఒక మొక్కను మ్యాట్ బర్గర్ 1996 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ తీసుకెళ్లాడని, అక్కడ జోష్ డి అనే పెంపకందారుతో కలిసి పెంచాడని ఎక్కువగా చెప్పే కథ. కెమ్‌డాగ్ దాని తల్లి అని ఒక వర్గం వాదన. కాదు, రెండూ ఒకే గింజల పొట్లంలోంచి వచ్చిన తోబుట్టువులని ఇంకో వర్గం. సవర్ డీజిల్ న్యూయార్క్ వైపు పుట్టింది, కెమ్ 91 మీద అనుకోకుండా పుప్పొడి పడి వచ్చిందంటారు. ఎవరి పుప్పొడి అన్నది మళ్లీ గొడవ.

ఇంత గందరగోళం ఎందుకంటే, అప్పట్లో కాగితం రాసిపెట్టుకోవడమంటే జైలుకు సాక్ష్యం తయారు చేసుకోవడమే. 1989 అక్టోబరులో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ 'ఆపరేషన్ గ్రీన్ మర్చంట్' పేరుతో దేశమంతా దాడులు చేసింది. గంజాయి అమ్మేవాళ్లనే కాదు, ఇంట్లో మొక్కలు పెంచే దీపాలు, సామాన్లు అమ్మే దుకాణాలను కూడా వదల్లేదు. ఆ తర్వాత రెండేళ్లకే మన కథ మొదలు. అలాంటి టెన్షన్‌లో ఎవడు మాత్రం డైరీ రాస్తాడు? అందుకే ఈ మనుషులందరికీ మారుపేర్లే.

ఈ వంశంలో గట్టి కాగితం ఉన్నది ఒక కోర్టు కేసుకు. కెమ్ సిస్టర్ సంతతిలో, అదీ అనుకోకుండా పడ్డ పుప్పొడితో పుట్టిన ఒక రకానికి బంకలా అతుక్కుంటోందని గొరిల్లా గ్లూ 4 అని పేరు పెట్టారు. అదే పేరుతో జిగురు అమ్మే ఒహాయో కంపెనీ 2017లో కేసు వేసింది. రాజీ కుదిరి, పేరు జీజీ4 అయింది. మొక్క తండ్రెవరన్నది తేలకపోయినా, పేరు ఎవరిదో మాత్రం కొన్ని నెలల్లో తేలిపోయింది.

[తెర మీద: డీఎన్‌ఏ గ్రాఫిక్]

మరి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే సరిపోదా? కొంతవరకే. రెండు కొమ్మలు ఒకే మొక్కవా కాదా అన్నది పరీక్ష చెప్పగలదు. 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 30 పేర్లతో అమ్ముతున్న 122 నమూనాలను పోల్చి చూస్తే, ఒకే పేరుతో అమ్మే వాటిలో జన్యువులు కలవనివి బయటపడ్డాయి. ఇండికా, సటైవా అని దుకాణాలు చేసే విభజనకూ జన్యువుల్లో నిలకడైన తేడా కనిపించలేదు. అంటే డబ్బా మీద కెమ్‌డాగ్ అని ఉన్నంత మాత్రాన లోపల అదే ఉందని కాదు.

వాసన విషయంలో మాత్రం కొంత స్పష్టత వచ్చింది. ఈ కుటుంబంలోని ఘాటును చాలాకాలం టెర్పీన్ల ఖాతాలో, అంటే మొక్కల్లో వాసననిచ్చే ఒక రకం పదార్థాల ఖాతాలో వేశారు. 2021లో రసాయన శాస్త్రవేత్తలు స్కంక్ అనే జంతువు వదిలే కంపును గుర్తుచేసే ఆ వాసనకు అసలు కారణం గంధకం ఉన్న కొన్ని పదార్థాలని తేల్చారు. అతి కొద్ది మోతాదులో ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

పరీక్ష చేయించుకోవాలంటే నమూనా ఇవ్వాలి. ఒరెగాన్‌లోని ఫైలోస్ అనే కంపెనీ పెంపకందారుల నమూనాలతో పెద్ద జన్యు పటం తయారు చేసింది. 2019లో అదే కంపెనీ సొంతంగా కొత్త రకాలు అభివృద్ధి చేస్తామని ప్రకటించేసరికి, మా మొక్కల గుట్టు ఇచ్చింది ఇందుకా అని పెంపకందారులు మండిపడ్డారు. కంపెనీ ఎంత వివరణ ఇచ్చినా పోయిన నమ్మకం పూర్తిగా తిరిగి రాలేదు. పాత కొమ్మలు దాచుకున్నవాళ్లు వాటిని ఇక ఏ ల్యాబ్‌కైనా అంత తేలిగ్గా ఇస్తారని నేననుకోను.

వచ్చే వీడియోలో స్కంక్ నంబర్ 1. కాలిఫోర్నియాలో మొదలై ఆమ్‌స్టర్‌డామ్‌లో ముదిరిన గొడవ అది. మీ ప్రశ్నలుంటే ఈలోగా అడగండి.