అరకు టూరు డబ్బులు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

హోస్ట్: సస్టైనబుల్ టూరిజం, అంటే ఊరికీ ప్రకృతికీ చేటు చెయ్యని టూరిజం అనగానే మన వైజాగ్‌లో అందరికీ గుర్తొచ్చేది ప్లాస్టిక్ నిషేధం, బీచ్‌లో చెత్త ఏరడం, శుభ్రమైన బీచ్ అని రుషికొండకిచ్చిన బ్లూ ఫ్లాగ్ గుర్తింపు. మీరేమో అందులోకి ఆడవాళ్ల జీతాలు తెచ్చారేటక్కా?

అక్క: నేను తేవడమేముంది, మొదట్నుంచీ అందులోనే ఉన్నాయి, ఎవరూ లెక్క రాయలేదంతే. నువ్వు అరకు వెళ్తే రూమ్ సర్దేదెవరు, గిన్నెలు తోమేదెవరు, రాత్రి మంట చుట్టూ గిరిజనుల థింసా డాన్సు ఆడేదెవరు? ఇప్పుడు కారు డ్రైవరు, గైడు, బుకింగ్ ఫోనెత్తే మనిషి, హోంస్టే ఓనరు, వీళ్లెవరో కూడా చెప్పు.

హోస్ట్: ఎక్కువగా మగవాళ్లే.

అక్క: టిప్పు అందేది వాళ్లకే. ఇది మన కొండ మీది కథే కాదు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2019 రిపోర్టు చూస్తే, ప్రపంచంలో టూరిజం మీద బతికే ఉద్యోగుల్లో 54 శాతం ఆడవాళ్లే, కానీ సంపాదన మాత్రం మగవాళ్లకంటే 14.7 శాతం తక్కువ.

హోస్ట్: సగం పైగా వాళ్లే ఉంటే మంచిదే కదా అంటారు కొందరు.

అక్క: ఏ పనిలో ఉన్నారో చూడాలి కదరా! థింసానే తీసుకో. రిసార్టు వాళ్లు టీమ్ మొత్తానికీ కలిపి డబ్బు ఒక మనిషి చేతిలో పెడతారు, ఆయన పంచుతాడు, ఎంత వచ్చిందో, ఎంత పంచాడో ఆడినవాళ్లకి తెలీదు. అదే డబ్బు మహిళా సంఘం ఖాతాలో వేస్తే పోయేదేముంది? ఖాతా ఉంది, పాసుపుస్తకం ఉంది, మీటింగులో లెక్క చదువుతారు. డ్వాక్రా సంఘాలున్న ఊళ్లకి ఇదేమైనా కొత్తా!

హోస్ట్: ఎక్కడైనా ఇలా జరిగిందా?

అక్క: కేరళలో కుమరకం ఉంది. 2008లో ఊరివాళ్లకీ లాభం దక్కాలని రెస్పాన్సిబుల్ టూరిజం మొదలెట్టినప్పుడు కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల ఆడవాళ్లు పండించిన కూరగాయల్ని అక్కడి హోటళ్లే కొనేలా చేశారు. ఇక్కడేమో కొండ మీద హోటలుకి కూరగాయలు కింద నుంచి లారీలో ఎక్కిస్తారు, పక్క ఊరి ఆవిడ అవే కూరగాయలు నెత్తిన పెట్టుకుని సంతకి నడుస్తుంది. నాకైతే ఇది చూస్తే ఒళ్లు మండుతుంది.

హోస్ట్: కొండ దిగి బీచ్‌కి వద్దాం. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు అమ్మేవాళ్లలో ఆడవాళ్లు బాగానే కనిపిస్తారు.

అక్క: కనిపిస్తారు, కానీ సుందరీకరణ అనగానే ముందు లేచేది వాళ్ల బండే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే అయ్యి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ తీయకూడదు. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. బండి దగ్గర పొద్దస్తమానం నిలబడేది భార్య అయితే సర్టిఫికెట్ భర్త పేరు మీద ఎందుకుండాలి?

హోస్ట్: హోటల్ ఉద్యోగాల సంగతి?

అక్క: అక్కడ అసలు టెన్షన్ రాత్రి డ్యూటీ. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ, సంతోషం. కానీ భీమిలి రోడ్డులో ఏ హోటల్లోనో రాత్రి డ్యూటీ దిగిన అమ్మాయికి ఆ వేళకి బస్సంటూ ఉండాలిగా? హోటలే దింపాలి, దింపకపోతే ఇంట్లోవాళ్లు ఉద్యోగం మానేయమంటారు, మూడేళ్ల తర్వాత సూపర్‌వైజర్ కుర్చీలో మళ్లీ మగాడే కూర్చుంటాడు, పైగా ఆడవాళ్లు నిలబడరండీ అంటారు. ఆ మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

హోస్ట్: వేధింపులంటే కమిటీ ఉంటుంది కదా?

అక్క: 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి. మన హోంస్టేల్లో నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్ల కోసం జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలని అదే చట్టంలో ఉంది, ఆ సంగతి ఓనరుకీ తెలీదు, పనిచేసే పిల్లకీ తెలీదు. లైసెన్సు ఇచ్చేటప్పుడే ఆ వివరాలు గోడ మీద అంటించమంటే పైసా ఖర్చు లేదు.

హోస్ట్: మరి వచ్చే శనివారం అరకు వెళ్లేవాళ్లు ఏం చెయ్యాలి?

అక్క: బుక్ చేసేటప్పుడు రేటు బేరమాడే ముందు రెండు అడగండి. వంట చేసేవాళ్లకి జీతం ఎవరి ఖాతాలో వేస్తారు? ఆడ గైడు దొరుకుతుందా? లేదంటే ఎందుకు లేదో అడగండి. పదిమంది అడిగితే పదకొండో ఫోనుకి ఓనరు వెతకడం మొదలెడతాడు, వాడికి కావాల్సింది బుకింగే కదా.